నిద్రకు ముందు ఆర్పవలసిన దీపం





ఒక రాత్రి మదీనా నగరంలో ఒక ఇల్లు, లోపల మనుషులు ఉండగానే కాలిపోయింది. ఆ సంగతి మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారికి తెలియజేశారు. నిప్పు మీకు శత్రువని, నిద్రపోయే ముందు దానిని ఆర్పివేయాలని ఆయన అప్పుడు ఉపదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో దీనికి కారణం కూడా కనిపిస్తుంది. వెలుగుతున్న వత్తిని ఎలుక ఈడ్చుకుపోతే ఇంటిల్లిపాదీ కాలిపోయే ప్రమాదం ఉన్నదని ప్రవక్త (స) హెచ్చరించారు.

ఆ దీపం అంతవరకు ఇంటికి వెలుగునిచ్చినదే. ఇంటివారు మేలుకొని ఉన్నంతసేపు దానితో ఏ చిక్కూ లేదు. అందరి కళ్లూ మూతపడిన తర్వాత, కాపలా లేని నిప్పుగా మారినప్పుడే అది శత్రువైంది.

నేడు మన ఇళ్లలో నూనె దీపాలు దాదాపు లేవు. కానీ ఇషా నమాజు ముగిసి పడకలు పరచుకునే వేళ, మనం ప్రతిరాత్రి మరొక దీపం వెలిగిస్తున్నాం. తలాపున ఉన్న ప్లగ్గులో ఒక ఫోను, దిండు పక్కన దానికి తోడుగా ఒక పవర్ బ్యాంకు. రెండింటినీ చార్జింగ్‌కు పెట్టి, దుఆ చదువుకొని కళ్లు మూసుకుంటాం. ఈ నెల ఆ చిన్న డబ్బా గురించే మాట్లాడుకుందాం.

నిజామాబాద్‌లో ఒక తెల్లవారుజాము

2022 ఏప్రిల్ 20. రమజాన్ మాసం సగం దాటింది. నిజామాబాద్ పట్టణంలోని ముస్లిం గృహాలలో సహరీకి లేచే సమయం. సరిగ్గా ఆ వేళకే, సుమారు 4 గంటలకు, పట్టణంలోని ఒక ఇంటిలో విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలిపోయింది. స్కూటర్ నుంచి విడదీసిన ఆ బ్యాటరీని అర్ధరాత్రి దాటాక ఇంటి లోపల చార్జింగ్‌కు పెట్టారు. ఆ గదిలోనే ఇంటివారు నిద్రిస్తున్నారు. 80 ఏళ్ల వృద్ధుడొకరు ప్రాణాలు కోల్పోయారు. కుటుంబ సభ్యులు మరికొందరు కాలిన గాయాల పాలయ్యారు. మూడు రోజులకే, ఏప్రిల్ 23న, విజయవాడలోనూ ఇటువంటి దుర్ఘటనే జరిగి, పడకగదిలో చార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీ ఒక గృహస్థుని ప్రాణం తీసింది. ఆ ఏడాది చివరికల్లా కేంద్ర ప్రభుత్వం విద్యుత్ వాహనాల బ్యాటరీల భద్రతా నిబంధనలను కఠినతరం చేసింది.

ఆ ఇళ్లలో బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టినవారు చేసింది మనమందరం ప్రతిరాత్రి చేసే పనే. వారిని నిందించే అర్హత మనలో ఎవరికీ లేదు. అయితే నిజామాబాద్ ఘటన మన ముందుంచే విషయం ఒకటుంది. చార్జింగ్‌కు పెట్టిన చేయి ఒకరిది, పోయిన ప్రాణం మరొకరిది. నిప్పు విషయంలో మన అజాగ్రత్తకు మూల్యం చెల్లించేది చాలాసార్లు మన పక్కన నిద్రించేవారే. నడవలేని తాత, పాలు తాగే పసిపాప, పగలంతా పనిచేసి అలసిన ఇల్లాలు, వీరిలో ఎవరైనా కావచ్చు. కాబట్టి ఇది కేవలం మన వస్తువు, మన ఇష్టం అని తేల్చుకునే వ్యవహారం కాదు. ఇతరుల హక్కులకు, అంటే హుఖూఖుల్ ఇబాద్‌కు సంబంధించిన వ్యవహారం.

డబ్బా లోపల ఏముంది?

స్కూటర్ బ్యాటరీకీ, జేబులోని పవర్ బ్యాంకుకూ పోలిక ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పరిమాణంలో ఎంతో తేడా ఉంది, స్వభావంలో లేదు. రెండింటిలోనూ ఉన్నవి లిథియం అయాన్ సెల్లే. 1991లో మార్కెట్‌లోకి వచ్చిన ఈ సెల్ లేకుంటే నేటి మొబైల్ ఫోను లేదు. దీనిని రూపొందించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇది అల్లాహ్ మానవునికి ప్రసాదించిన జ్ఞానఫలమే. దీనిని చూసి భయపడనక్కరలేదు, దీని స్వభావం తెలుసుకుంటే చాలు.

సెల్ లోపల ధన ధ్రువం, ఋణ ధ్రువం ఎదురెదురుగా ఉంటాయి. రెండింటి మధ్య తలవెంట్రుక కన్నా సన్నని ప్లాస్టిక్ పొర ఒకటి అడ్డుగా ఉంటుంది. చుట్టూ ఉన్న ద్రవం తేలికగా అంటుకునే గుణం కలది. కింద పడినప్పుడు, నలిగినప్పుడు, అతిగా చార్జ్ అయినప్పుడు, తీవ్రమైన వేడి తగిలినప్పుడు ఆ పొర చిరగవచ్చు. రెండు ధ్రువాలూ కలిసిన చోట వేడి పుడుతుంది. ఆ వేడి రసాయన చర్యను పెంచుతుంది, ఆ చర్య మళ్లీ వేడిని పెంచుతుంది. ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు పాకుతుంది. ఆ తర్వాత దానిని ఆపడం కష్టం.

బోధన్ ప్రాంతంలోని పెద్దలకు ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం నడిచిన కాలంలో చెరకు పిప్పిని చూడనివారు అక్కడ ఉండరు. పిప్పి కుప్పగా పడి ఉంటే పైకి పొగ కూడా కనిపించకముందే లోలోపల వేడి పుట్టి పెరుగుతుంది. నిప్పు బయటపడేసరికి కుప్ప లోపలంతా రాజుకొని ఉంటుంది. బ్యాటరీ కథ కూడా అంతే. తేడా ఏమిటంటే, పిప్పికి రోజులు పడుతుంది, బ్యాటరీకి నిమిషాలు చాలు.

దారిలో: బాణపు మొనలు పట్టుకోండి

మస్జిదులోనో, బజారులోనో బాణాలతో నడిచేవారు వాటి మొనలను చేతితో పట్టుకోవాలని, తోటి ముస్లింలకు అవి గుచ్చుకోకుండా చూడాలని ప్రవక్త (స) ఆదేశించారు. ఇది కూడా బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసే. బాణాలు పట్టుకెళ్లవద్దని ఆయన అనలేదు. జనంలోకి వెళ్లేటప్పుడు వాటి వల్ల ఎవరికీ హాని కలగకుండా చూసుకోవాలని అన్నారు. నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే కిక్కిరిసిన బస్సులో పవర్ బ్యాంకు పెట్టుకొని కూర్చున్నవారికి కూడా ఈ ఆదేశం వర్తిస్తుంది.

మొనలు పట్టుకోవడమంటే ఇక్కడ ఏమిటి? పవర్ బ్యాంకును తాళంచెవులు, చిల్లర నాణేలు ఉన్న జేబులో వేయకూడదు. లోహం తగిలి ధ్రువాలు కలిస్తే నిప్పురవ్వ పుట్టవచ్చు. దానికి ఒక చిన్న గుడ్డ సంచి గానీ, విడిగా ఒక అర గానీ కేటాయించాలి. విడి బ్యాటరీలను తీసుకెళ్లేవారు వాటి కొనలపై టేపు అంటించాలి. వెనుక జేబులో పెట్టుకొని కూర్చోకూడదు. సంచి అడుగున వేసి దానిపై బరువులు పేర్చకూడదు. సంచిలో ఉండగా ఫోనును చార్జ్ చేయకూడదు, వేడి బయటకు పోయే దారి ఉండదు.

మన ప్రాంతపు ఎండను మరవకూడదు. నిజామాబాద్‌లో వేసవి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయరాదని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు కూడా దాటవచ్చు. కాబట్టి కారు అద్దం కింద, స్కూటర్ సీటు కింది డిక్కీలో, ట్రాక్టర్ బానెట్ మీద పవర్ బ్యాంకును వదిలివేయవద్దు. చెరకు కోతల కాలంలో ఎండుటాకు పరచుకున్న చేలో దానిని నేలపై పెట్టి చార్జింగ్ చేయడం మరీ ప్రమాదకరం.

హజ్, ఉమ్రా, గల్ఫ్ ప్రయాణాలు

మన జిల్లాలో గల్ఫ్ ప్రయాణం తెలియని వీధి అరుదు. అల్లాహ్ దయతో ఉమ్రా, హజ్ యాత్రకు వెళ్లేవారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. ప్రయాణానికి ముందురోజు పెట్టెలు సర్ది, గుడ్డ కుట్టి, తాడు బిగించే హడావుడిలో జరిగే పొరపాటు ఒకటుంది. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలోకి వెళ్లిపోతుంది. విమానం కింది భాగంలో వెళ్లే సామానులో పవర్ బ్యాంకు ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఇది ప్రపంచమంతటా అమలులో ఉన్న నియమం. కారణం స్పష్టమే. కింది భాగంలో నిప్పు పుడితే చూసేవారు ఉండరు. ప్రయాణికుల మధ్య పుడితే సిబ్బంది వెంటనే స్పందించగలరు. కాపలా లేని దీపం గురించి మనం చెప్పుకున్న మాటే ఇక్కడ నియమంగా మారింది.

ఎంత పెద్దది తీసుకెళ్లవచ్చు? 100 వాట్ అవర్ల వరకు సాధారణంగా అనుమతి ఉంటుంది. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ ముందస్తు అనుమతి అవసరం. 160 దాటితే అనుమతించరు. లెక్క తేలికే. డబ్బాపై ఉన్న ఎంఏహెచ్ సంఖ్యను 1000తో భాగించి 3.7తో హెచ్చించాలి. 10000 ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు. 20000 అంటే 74. 30000 అంటే 111, అంటే పరిమితి దాటినట్లే. అక్షరాలు చెరిగిపోయి సంఖ్య కనిపించని పవర్ బ్యాంకును విమానాశ్రయంలోనే వదులుకోవలసి రావచ్చు.

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం బయలుదేరకముందే మంటల్లో చిక్కుకుంది. అందులోని 176 మందీ బయటపడ్డారు. సీట్ల పైనున్న సామాను అరలో ఉన్న పవర్ బ్యాంకు వల్ల మంట పుట్టి ఉండవచ్చని దర్యాప్తు అధికారులు తెలిపారు. ఆ తర్వాత అనేక విమాన సంస్థలు నియమాలు బిగించాయి. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కొక్కరికి 100 వాట్ అవర్ల లోపు పవర్ బ్యాంకు ఒక్కటే అనుమతిస్తోంది. దానిని విమానంలో వాడనివ్వదు, పై అరలో పెట్టనివ్వదు. మన దేశపు పౌర విమానయాన నియంత్రణ సంస్థ కూడా విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్ని నిషేధించింది. బయలుదేరే ముందు ఇంట్లోనే ఫోను నిండా చార్జ్ చేసుకోండి. పవర్ బ్యాంకును మీ ముందు సీటు కింద, చేతికి అందే చోట ఉంచండి. ఫోను సీట్ల సందులో జారిపోతే సీటును కదిలించవద్దు, నలిగి అంటుకోవచ్చు. సిబ్బందిని పిలవండి.

మినాలో 1997 ఏప్రిల్ 15న చెలరేగిన అగ్నిప్రమాదంలో 343 మంది హాజీలు మరణించారు. అది వంటగ్యాస్ వల్ల జరిగింది. ఆ తర్వాత అక్కడ నిప్పుకు తట్టుకునే గుడారాలు వచ్చాయి. గుడారం మారినా పరుపును ఆనుకొని పరుపు ఉండే ఇరుకు మారలేదు. అక్కడ రాత్రి దిండు కింద పవర్ బ్యాంకు పెట్టుకొని నిద్రించే హాజీ తన ఒక్కడి కోసం కాక, పక్కనున్న పదిమంది కోసం కూడా ఆలోచించాలి. గల్ఫ్‌లో ఒకే గదిలో, మంచంపై మంచంలో నిద్రించే మన బిడ్డలకు కూడా ఈ మాట ఫోనులో చెప్పండి. జీతం, ఆరోగ్యం అడిగినట్లే, రాత్రి చార్జర్ తీసివేస్తున్నావా అని కూడా అడగండి.

ఇంట్లో: మేలుకొని ఉన్నప్పుడే

ఇంటికి ఒక నియమం పెట్టుకుందాం. మగ్రిబ్ నుంచి ఇషా వరకు, ఇంటివారు మేలుకొని ఉన్న సమయమే చార్జింగ్ సమయం. పడుకునే ముందు తలుపు గడియ, గ్యాస్ మీట చూసినట్లే ప్లగ్గు కూడా చూడాలి. పవర్ బ్యాంకును పరుపుపై, దిండు కింద, బట్టల కుప్పపై పెట్టకుండా, బండపైనో గచ్చుపైనో ఉంచాలి. బయటికి వెళ్లే ద్వారం దగ్గర, మెట్ల కింద పెట్టకూడదు. నిప్పు పుడితే పారిపోయే దారే మూసుకుపోతుంది. విద్యుత్ స్కూటర్ ఉన్నవారు దాని బ్యాటరీని నిద్రించే గదిలోకి తీసుకురాకూడదు.

మన పట్టణంలో ఎందరో సోదరీమణులు ఇంటి వద్ద బీడీలు చుట్టి కుటుంబానికి అండగా నిలుస్తున్నారు. చాట పక్కనే ఫోను, దాని పక్కనే పవర్ బ్యాంకు ఉండటం సహజం. ఎండిన తునికాకు, తంబాకు దగ్గర చార్జింగ్ వద్దు. నాలుగు అడుగుల దూరం పెట్టండి. ఎతెకాఫ్‌లో కూర్చునే సోదరులు కూడా మస్జిదు తివాచీపై ఫోన్లు, పవర్ బ్యాంకులు వరుసగా చార్జింగ్‌కు పెట్టి నిద్రించకూడదు. మస్జిదు వఖ్ఫ్ ఆస్తి, అందరి అమానతు.

బజారులో: తడిసిన ధాన్యం

ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. అలాగైతే జనం చూసేలా తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటన మన మొబైల్ దుకాణాలకు ఎంతగా వర్తిస్తుందో చూడండి. పైన మెరిసే డబ్బా, లోపల పాత సెల్లు. కొద్ది వందల రూపాయలకే 50000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే ఆ రాతను నమ్మవద్దు.

మన దేశంలో పవర్ బ్యాంకులకు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. డబ్బాపై ఆ సంస్థ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. ఒక అపోహ కూడా తొలగించుకుందాం. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఫోనుకు సుమారు 6000 మాత్రమే అందించడం మోసం కాదు. వోల్టేజీ మార్పులోనూ, వేడి రూపంలోనూ కొంత పోతుంది. ఆ నికర సామర్థ్యాన్ని మంచి కంపెనీలు డబ్బాపైనే ముద్రిస్తాయి. దుకాణం నడిపే సోదరులకు ఒక విన్నపం. మీ పిల్లల దిండు పక్కన పెట్టడానికి మీరు వెనుకాడే సరుకును ఇతరుల పిల్లల కోసం అమ్మవద్దు. అందులో బర్కత్ ఉండదు.

ఉబ్బితే ఏం చేయాలి?

పొట్ట ఉబ్బిన పవర్ బ్యాంకు లోపల వాయువు చేరింది. కింద పడి సొట్టపోయినది, తడిసినది, పట్టుకోలేనంత వేడెక్కేది, తీయని వాసన వచ్చేది కూడా పనికిరానిదే. దానిని మళ్లీ చార్జ్ చేయవద్దు. నొక్కవద్దు, గుచ్చవద్దు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వవద్దు. ఇసుక పోసిన మట్టికుండలో, ఇంటి బయట నీడలో ఉంచండి. చెత్తబండిలో వేయవద్దు, పాత సామాన్ల వారికి అమ్మవద్దు, కాల్చవద్దు. బండిలో నలిగి అంటుకుంటే కాలేది పారిశుధ్య కార్మికుడి చేయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులది. కంపెనీ సర్వీసు కేంద్రంలోనో, ఈ-వ్యర్థాలు తీసుకునే చోటనో అప్పగించండి. బాటపై నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని మనకు బోధించబడింది. ఇదీ ఆ కోవలోనిదే.

పొగ, బుసబుసమనే శబ్దం వస్తే ముందు మనుషులను గది నుంచి బయటకు పంపండి. ఆ పొగ విషపూరితం. వీలైతే ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. చిన్న పవర్ బ్యాంకు మంటపై దూరం నుంచి ధారాళంగా నీళ్లు పోయవచ్చు. లోపలి వేడి తగ్గడమే ముఖ్యం. ఆరినట్లు కనిపించినా మళ్లీ అంటుకోగలదు, ముట్టుకోవద్దు. స్కూటర్ బ్యాటరీ అయితే ఆర్పే ప్రయత్నం మాని బయటకు వచ్చేయండి. అగ్నిమాపక దళానికి 101కి ఫోను చేయండి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీటి ధార పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, టూత్‌పేస్టు, సిరా పూయకూడదు.

ఈ రాత్రి నుంచే

అల్లాహ్ రాసిపెట్టింది ఎలాగూ జరుగుతుంది కదా, ఇన్ని జాగ్రత్తలెందుకని కొందరంటారు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) నేర్పారు. మనల్ని మనం చేతులారా వినాశంలోకి నెట్టుకోరాదని దివ్య ఖుర్‌ఆన్ (2:195) ఆదేశిస్తోంది. తవక్కుల్ అంటే జాగ్రత్తను వదిలివేయడం కాదు. చేయవలసింది చేసి, ఫలితాన్ని ప్రభువుకు అప్పగించడం.

ఈ రాత్రి నిద్రకు ముందు ఇంట్లో అందరికంటే చిన్న పిల్లవాడిని పిలవండి. ప్లగ్గుల వద్దకు వాడిని తీసుకెళ్లి, మీరు స్విచ్ ఆపుతూ చూపించండి. మదీనాలో కాలిపోయిన ఇంటి కథ చెప్పండి. మన ప్రవక్త (స) ఆర్పమన్న దీపం ఇదేనని చెప్పండి. రేపటి నుంచి వాడే మీకు గుర్తుచేస్తాడు. ఒక సున్నత్ అలా మరొక తరానికి చేరుతుంది.

నిద్రించే ప్రతి ఇంటినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.